మొదటి కబురు ఎవరికి?



మొన్నటి తపస్సుకాలంలో ఒక శుక్రవారం సిలువమార్గం ముగిసి అందరూ వెళ్ళిపోయిన తరువాత ఒక తల్లి గుడిలోనే కూర్చుండిపోయింది. ఆమె అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాను. ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను కాబట్టి మీరు ఊహించే ప్రయత్నం చేయవద్దు. ఆమె భర్త బాయిపని చేసి చేసి ఆరోగ్యం చెడి మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చింది. ఇరవై ఆరేండ్ల కుర్రవాడు, బుద్ధిమంతుడు, ఆదివారం పూజ తప్పనివాడు. నేను ఫ్యాన్లు ఆపుతూ దగ్గరకు వెళ్ళేసరికి ఆమె కొంగుతో కండ్లు తుడుచుకొని, "ఫాదర్, నా కొడుకు నాకు కాకుండ పోయిండు" అన్నది.

తాగుడా, చెడు సావాసమా అని నా మనసు ఎటో పోయింది. అదేమీ కాదు. గనిలో ఆ అబ్బాయి చేతికి దెబ్బ తగిలింది. పెద్దదేమీ కాదు, నాలుగు కుట్లు పడ్డాయి. సాయంత్రం ఇంటికి వచ్చి కట్టు చూపించేదాకా తల్లికి ఆ సంగతి తెలియదు. మంచిర్యాలలో ఉండే ఒక అమ్మాయికి మాత్రం కుట్లు పడిన వెంటనే తెలిసింది. ఆసుపత్రి నుంచే ఫోన్ చేసి చెప్పాడట. "చిన్నప్పుడు మోకాలు గీసుకపోయినా అమ్మా అని ఉరికొచ్చేటోడు ఫాదర్. గిప్పుడు దెబ్బ తాకితే నేను యాదికే రాలే" అన్నది ఆమె. ఆ పిల్ల మంచిదా చెడ్డదా, మన సభలోని పిల్లా కాదా అని ఒక్క మాట అనలేదు. ఆమె బాధ అది కాదు.

నేనేం చెప్పాను? "అమ్మా, వయసులో ఇవన్నీ మామూలే, జపమాల చెప్పుకో" అన్నాను. చెప్పుకుంటుంది, నాకన్నా ఎక్కువే చెప్పుకుంటుంది. కాని ఆమె అడిగినదానికి అది జవాబు కాదని గుడి తలుపు తాళం వేసి గదికి పోతుంటేనే నాకు తెలిసింది. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఈ వారం ఇక్కడ రాయడానికి ప్రయత్నిస్తున్నాను.

మనసులోని మమకారం ఒకటే ముద్ద కాదు. ఇంగ్లాండులో జాన్ బౌల్బీ (1907-1990) అనే వైద్యుడు తల్లికి దూరమైన పసిపిల్లల గురించి ఏండ్ల తరబడి పరిశోధించి, బిడ్డకు తల్లి అంటే పాలిచ్చే మనిషి మాత్రమే కాదని చెప్పాడు. బిడ్డ ఎప్పుడూ ఆమె దగ్గర ఉండాలని కోరుకుంటుంది. భయమేస్తే ఆమె ఒడిలోకి పరుగెత్తుతుంది. ఆమె వెనుక ఉన్నదన్న ధైర్యంతోనే నాలుగడుగులు అవతలికి పోయి ఆడుకుంటుంది. దగ్గరితనం, ఆశ్రయం, ఆధారం అని మన మాటల్లో చెప్పుకుందాం. పసితనంలో ఈ మూడూ తల్లి దగ్గరే ఉంటాయి. 1994లో సిండీ హజన్, డెబ్రా జీఫ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో పిల్లలనూ, పెద్దలనూ ఇవే సంగతులు అడిగి చూశారు. ఆ మూడూ ఒకేసారి ఇల్లు మారవని వారు గమనించారు. ముందు దగ్గరితనం పోతుంది, అది బడి ఈడులోనే స్నేహితుల వైపు జరుగుతుంది. తరువాత ఆశ్రయం. అన్నిటికన్నా చివర ఆధారం. అది చాలా కాలం తల్లిదండ్రుల దగ్గరే ఉండిపోతుంది. ప్రేమబంధం సుమారు రెండేండ్లు నిలిచిన తరువాతనే ఎక్కువ మందిలో మూడూ ఆ ఒక్క మనిషి దగ్గరకు చేరినట్లు వారికి కనిపించింది.

ఇది చదివినప్పుడు నాకు ఆ తల్లి గుర్తుకు వచ్చింది. ఆమె చూసింది రెండోది కదలడం. అంతా పోయిందనుకున్నది. కాని కుట్లు పడ్డాక ఆ కుర్రవాడు ఎక్కడికి వచ్చాడు? అమ్మ దగ్గరికే వచ్చాడు. ఆమె కలిపి పెట్టిన అన్నం తిన్నాడు, ఆమె వేసిన మంచం మీద పడుకున్నాడు, చెయ్యి మానగానే ఆమె కట్టిన డబ్బా పట్టుకొని మొదటి షిఫ్టుకు పోయాడు. మొదటి కబురు వేరే చోటికి పోయింది, నిజమే. కాళ్ళ కింది నేల ఇంకా ఇక్కడే ఉంది.

మన బొగ్గు ఊళ్ళలో ఇది తీరికగా మాట్లాడుకునే సంగతి కాదు. మనిషి కిందికి దిగినప్పటినుంచి పైకి వచ్చేదాకా ఇంట్లో ఒకరు గడియారం చూస్తూ ఉంటారు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్ళు చొరబడి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో 8ఏ గనిలో కప్పు కూలి 10 మంది పోయారు. అటువంటి రోజున గని గేటు ముందు తల్లీ, భార్యా పక్కపక్కనే నిలబడతారు. ఎవరి దుఃఖం పెద్దదని అక్కడ ఎవరూ అడగరు. మామూలు రోజుల్లోనే ఆ లెక్కలు.

మీ ఇండ్లలో టింబర్‌మన్‌గా చేసిన పెద్దలుంటే ఒక సంగతి అడిగి చూడండి. కింద సపోర్టు మార్చవలసి వస్తే ఏం చేస్తారు? కొత్తది నిలబెట్టి, గట్టిగా బిగించి, అది బరువు పట్టిందని చూసుకున్న తరువాతనే పాతదాన్ని కదిలిస్తారు. కొత్తది నిలవకముందే పాతది లాగేస్తే ఏమవుతుందో వారికి నేను చెప్పనక్కరలేదు. మన ఇండ్లలో మాత్రం ఈ తొందరపాటు రెండు వైపులనుంచీ జరుగుతున్నది. "ఆ పిల్లతో మాట్లాడితే ఈ గడప తొక్కకు" అని తండ్రి అంటాడు, అంటే పాత సపోర్టు ఆయనే లాగేస్తున్నాడు. "నాకు మీరెవరూ అక్కరలేదు" అని పిల్లవాడు అంటాడు, అంటే వాడూ లాగేస్తున్నాడు. ఆ తరువాత ఆ ప్రేమ చెడిపోయిందనుకోండి, చాలా ప్రేమలు చెడిపోతాయి కూడా, ఆ బిడ్డ ఎక్కడికి పోవాలి? ఇంటికి వస్తే "మేము ముందే చెప్పలేదా" అన్న మాట ఎదురవుతుంది. ఎటూ పోలేక ప్రాణం తీసుకున్న పిల్లల ఇండ్లకు నేను ప్రార్థనకు వెళ్ళాను. ఆ ఇండ్లలో తండ్రులు అన్న మాట ఒకటే: ఒక్కసారి వచ్చి చెబితే బాగుండేది. చెప్పడానికి వీలుగా ఇల్లు ఉన్నదా అని ఆ సమయంలో నేను అడగలేకపోయాను. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను.

ఇక మన ఆచారంలోని ఒక వింత చెప్పాలి. ఆడపిల్ల విషయంలో మమకారం ఒక్క సాయంత్రంలో మారిపోవాలంటాం. అప్పగింతలు పెట్టి, చేతిలో చెయ్యి వేసి, కన్నీళ్ళు తుడిచి, ఇక నీ ఇల్లు అదే అని బండి ఎక్కిస్తాం. ఇరవై ఏండ్ల అలవాటు ఆ రాత్రికి రాత్రే ఇల్లు మారాలి. మగపిల్లవాడి విషయంలో మాత్రం అది ఎప్పుడూ మారకూడదంటాం. కాస్త మారితే "పెండ్లాం మాట వింటుండు" అని వాడకట్టంతా నవ్వుతుంది. ఆదికాండము రెండవ అధ్యాయం (2:24) తెరిచి చూడండి. తల్లిదండ్రులను విడిచి తన భార్యను హత్తుకోవలసింది ఎవరని అక్కడ రాసి ఉంది? పురుషుడే. ఈ వాక్యం ప్రతి పెళ్ళిలోనూ వింటాం, విని భోజనాలకు లేస్తాం. ఇంకొక ముచ్చట కూడా ఉంది. హత్తుకొనుట అని చెప్పడానికి హీబ్రూ మూలంలో అక్కడ వాడిన క్రియనే రూతు గ్రంథంలోనూ వాడారు (రూతు 1:14). అక్కడ రూతు హత్తుకొన్నది భర్తను కాదు, భర్త చనిపోయిన తరువాత తన అత్త నవోమిని. కొడుకు భార్యను హత్తుకోవడానికీ, కోడలు అత్తను హత్తుకోవడానికీ పరిశుద్ధ గ్రంథం ఒకే మాట వాడింది. ఒకరికి ఇచ్చిన ప్రేమ మరొకరి దగ్గర దొంగిలించినదే కానక్కరలేదు.

అయితే రెండు గదుల క్వార్టరులో ఇది చెప్పినంత సులభం కాదని నాకు తెలుసు. తండ్రి ఉద్యోగం కొడుక్కి వచ్చిన ఇండ్లలో చిక్కు ఇంకా ఎక్కువ. ఉద్యోగం తండ్రి ఊపిరితిత్తులనుంచీ, నడుమునుంచీ వచ్చింది. కాబట్టి జీతం మీద తల్లికి హక్కున్నదనిపిస్తుంది, అది అన్యాయమైన తలంపు కూడా కాదు. క్వార్టరు ఇప్పుడు కొడుకు పేరు మీద ఉంటుంది. తల్లిదండ్రులు తాము ముప్పై ఏండ్లు కాపురం చేసిన ఇంట్లోనే కొడుకు దగ్గర ఉన్నవారవుతారు. ఆ ఇంట్లోకి ఒక కొత్త పిల్ల అడుగు పెడుతుంది. మధ్యన ఒక తెర కట్టి ఇది మీ గది అంటారు. తెర అవతల గుసగుసగా మాట్లాడితే ఏమో దాస్తున్నారని అత్తకు అనుమానం. మాట్లాడకపోతే ఆ పిల్లకు భర్త ఎట్లా తెలుస్తాడు? ఇటువంటి ఇండ్లలో నేను కొడుకు జీతం గురించిన తగాదాలు చాలా తీర్చాను. లోపలికి పోయి చూస్తే అవి జీతం తగాదాలు కావు. ఓటీ డబ్బు వచ్చిందని ముందు ఎవరికి చెప్పాడన్నదే తగాదా.

పోపు ఫ్రాన్సిస్ వారు 2016లో కుటుంబ ప్రేమ గురించి రాసిన 'ఆమోరిస్ లేతీషియా' అనే లేఖలో (190వ పేరా) సరిగ్గా ఈ విషయమే ప్రస్తావించారు. తల్లిదండ్రులను వదిలిపెట్టరాదు, నిర్లక్ష్యం చేయరాదు, అయినా వివాహం కోసం వారిని 'విడవవలసిందే' అన్నారు. భార్యతో చెప్పని రహస్యాలు తల్లిదండ్రులతో చెప్పుకుంటూ, భార్య అభిప్రాయం కన్నా వారి అభిప్రాయానికే బరువు ఇచ్చే కాపురాలు అట్లా ఎక్కువ కాలం సాగలేవని హెచ్చరించారు. రోము నగరంలో కూర్చున్న పెద్దాయనకు మన క్వార్టర్ల సంగతి ఎట్లా తెలిసిందా అనిపించింది నాకు.

తల్లి ప్రేమ మంచిదే అయినా తొందరపడితే ఏమవుతుందో పునీత అగస్తీను వారి జీవితంలో ఉంది. మనం మోనికమ్మ కన్నీటి ప్రార్థననే చెప్పుకుంటాం. అగస్తీను పెళ్ళి లేకుండా ఒక స్త్రీతో పదేండ్లకు పైగా కాపురం చేశాడు, వారికి కొడుకు కూడా పుట్టాడు. అది సరైన బ్రతుకు కాదు, ఆయనే ఒప్పుకొన్నాడు. మిలాను నగరంలో తల్లి పూనుకొని వేరే సంబంధం చూసింది. ఈ స్త్రీని ఆఫ్రికాకు తిప్పి పంపేశారు. కొడుకు మాత్రం తండ్రి దగ్గరే ఉండిపోయాడు. కుదిర్చిన పిల్లకు పెళ్ళి వయసు రావడానికి ఇంకా రెండేండ్లు ఉంది. ఆ ఎడబాటుకు తన గుండె చీలి నెత్తురు కారిందని అగస్తీను రాసుకొన్నాడు. ఆ గాయం మానకముందే మరొక స్త్రీని చేరదీశాడు. ఆ పెళ్ళీ జరగలేదు. పంపివేయబడిన ఆమె పేరు ఆయన పుస్తకంలో ఎక్కడా లేదు. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో ఈ అధ్యాయం పరీక్షకు రాదని దాటవేశాను. విచారణలో పని చేయడం మొదలైన తరువాత మళ్ళీ తీసి చదివాను. మంచి తల్లి, పునీతురాలైన తల్లి, కొడుకు మేలు కోరే చేసింది. అయినా బంధం తెంచితే తెగిపోయే దారం కాదు.

తల్లిదండ్రులకు ఇంకొక్క మాట, త్వరగా చెప్పి ముందుకు పోతాను. బలవంతం వల్లగాని, తీవ్రమైన భయం వల్లగాని ఇచ్చిన సమ్మతితో జరిగిన వివాహం చెల్లదని శ్రీసభ చట్టం (1103) చెబుతున్నది. "ఈ సంబంధం కాదంటే నా శవం చూస్తావు" అని తల్లి అన్నా అది భయపెట్టడమే. ఇక కులం సంగతి. జ్ఞానస్నానపు తొట్టి దగ్గర కనిపించని కులం పెళ్ళి చాటింపు దగ్గర ఎక్కడినుంచి లేచి వస్తుందో నాకు ఈ వయసులో కూడా అర్థం కాలేదు.

ఇప్పుడు యువతీ యువకులతో మాట్లాడుతాను. పెద్దలను నాలుగు అన్నాను కదా అని సంతోషించకండి. మీ పొరపాటు మరొకటి. మొదటిది కదలగానే మూడూ కదిలాయనుకుంటారు. "ఆమెతో మాట్లాడకపోతే నిద్ర పట్టదు ఫాదర్, ఇది దేవుడు కలిపిన జోడీ" అని నాతో చెప్పినవాళ్ళు చాలామంది. నిద్ర పట్టకపోవడం దగ్గరితనం. అది నెల రోజుల్లో వస్తుంది, చేతిలో ఫోన్ ఉంటే వారం చాలు. దాన్ని తక్కువ చేయడం లేదు, దేవుడు పెట్టినదే. కాని దాని మీద ఇల్లు కట్టవద్దు. పూర్వం అరిస్టాటిల్ అనే తత్త్వవేత్త స్నేహం గురించి చెబుతూ, కలిసి తగినంత ఉప్పు తిననిదే మనుషులు ఒకరికొకరు తెలియరన్న లోకోక్తిని గుర్తు చేశాడు. ఉప్పు తినడానికి కాలం పడుతుంది.

కాబట్టి మిమ్మల్ని మీరు ఇట్లా అడిగి చూసుకోండి. పరీక్ష తప్పినప్పుడు, అప్పు చేసినప్పుడు, డ్యూటీలో పొరపాటు చేసి చార్జిషీటు తీసుకున్నప్పుడు ఆ అమ్మాయికి చెప్పారా, దాచారా? మంచి బట్టలు వేసుకొన్నప్పటి ముఖం మాత్రమే చూపించారా? ఆమె జ్వరంతో ఉన్నప్పుడు, ఇంట్లో మాట పడ్డప్పుడు మీ దగ్గర తల దాచుకోగలిగిందా, లేక మీ కోపానికి భయపడి నవ్వు తెచ్చిపెట్టుకొన్నదా? ఇక చివరిది కొంచెం లోతైనది. ఆ మనిషి తోడు దొరికిన తరువాత మీరు పెరిగారా, తగ్గారా? పనికి ధైర్యంగా పోతున్నారా, నాగాలు పెడుతున్నారా? స్నేహితులు, చెల్లెలు, గుడి అన్నీ ఒక్కొక్కటే రాలిపోయి ఆ ఒక్క ఫోన్ మిగిలిందా? నిజమైన ఆధారం మనిషిని బయటికి పంపుతుంది, గదిలో పెట్టి గొళ్ళెం వేయదు. అబ్బాయి ఎవరితో మాట్లాడుతున్నావని గంటగంటకూ లెక్క అడుగుతుంటే, అమ్మాయిలారా, దాన్ని ప్రేమ అని మురిసిపోకండి.

తల్లికి ముందు చెప్పాలా, ఆమెకు ముందు చెప్పాలా అని ఒక అబ్బాయి నన్ను అడిగాడు. పెళ్ళయిన మరునాటినుంచి భార్యకే. పెళ్ళికి ముందయితే, నీ మనసు ఎవరికి ముందు చెప్పినా, అమ్మకు సాయంత్రం దాకా ఆలస్యం చేయకు అన్నాను. బొగ్గు ఊళ్ళో తల్లికి ఆలస్యమైన కబురు ఎట్లా వినిపిస్తుందో నీకు తెలియదు.

ఈ మూడు మాటలూ కలిసి ఉన్న కథ మన పరిశుద్ధ గ్రంథంలోనే ఉంది, తోబీతు గ్రంథం. చిన్న గ్రంథమే, ఒక రాత్రి ఇంట్లో కూర్చొని చదవండి. తోబీతు కండ్లు పోయి పనికి రానివాడయ్యాడు. మన భాషలో అన్‌ఫిట్ అయ్యాడు. పరదేశంలో దాచిన డబ్బు తెమ్మని కొడుకు తోబియాను పంపుతాడు. తల్లి అన్నా ఏడ్చి భర్తను నిలదీస్తుంది, మన చేతికర్ర వంటి బిడ్డను డబ్బు కోసం పంపుతావా అని. కొడుకు జీతం చేతికి వచ్చిననాడు మీలో ఎంతమంది తల్లులు ఆ మాట మనసులో అనుకోలేదు? దారిలో తోబియా సారాను పెళ్ళి చేసుకుంటాడు. అక్కడ పద్నాలుగు రోజుల విందు. ఇక్కడ తండ్రి రోజులు లెక్కపెడుతున్నాడు. తల్లి కొడుకు పోయిన బాట మీద పొద్దు గూకేదాకా చూసి, అన్నం ముట్టక, రాత్రంతా ఏడుస్తున్నది. అక్కడ సంతోషం, ఇక్కడ కన్నీళ్ళు, కారణం ఒక్కటే పెళ్ళి. గ్రంథకర్త ఈ రెంటినీ పక్కపక్కనే పెట్టాడు, తల్లిని తప్పు పట్టలేదు, కొడుకును తిట్టలేదు.

తోబియా మాత్రం మరచిపోలేదు. మా అమ్మా నాన్నా ఆశ వదులుకొని ఉంటారు, నన్ను పంపండి అని మామను అడుగుతాడు. బయలుదేరేటప్పుడు అత్త ఎద్నా, ఇకనుంచి నేనూ నీ తల్లినే అంటుంది. మామ రగూవేలు కూతురితో, ఇకమీదట నీ అత్తమామలు నిన్ను కన్నవారితో సమానమని చెబుతాడు. ఇవీ అప్పగింతలే, కాని రెండు వైపులా జరిగాయి చూడండి, అల్లుడికి కూడా. ఇంటికి చేరాక గుడ్డితనం పోయిన తోబీతు తానే నడిచి ఊరి ద్వారం దాకా ఎదురు పోయి కోడలిని బిడ్డా అని పిలిచి తీసుకొస్తాడు. చివరి అధ్యాయంలో తోబియా తన తల్లిదండ్రులను కడదాకా చూసుకొని, పాతిపెట్టి, తరువాత భార్యతో అత్తమామల దగ్గరకు పోయి వారి ముసలితనంలో వారినీ చూసుకొంటాడు (తోబీతు 14:12-13). అల్లుడు అత్తమామలను మట్టి చేసిన కథ మన దగ్గర ఎన్ని ఇండ్లలో వినబడుతుంది?

ఆ తల్లికి ఈ గ్రంథం చదవమని ఇచ్చాను. వారం తరువాత తెచ్చి ఇచ్చి, "పాపం ఆమెకు ఫోను లేకపాయె ఫాదర్" అన్నది.

ఆ పెళ్ళి సంగతి ఇంకా తేలలేదు. పిల్ల తల్లిదండ్రులు ఒకసారి వచ్చి పోయారు, మళ్ళీ రావాలి. రెండు పక్కలా కొంత బింకం ఉంది. కాని కిందటి నెల జోరు వానలో నైట్ షిఫ్టు రోజున ఆమెకు తెల్లవారుజామున ఫోన్ వచ్చిందట. మంచిర్యాల నుంచి ఆ అమ్మాయి. "అత్తమ్మా, ఆయన పైకొచ్చిండట, నాకు ఇప్పుడే చెప్పిండు. మీరు మేల్కొనే ఉంటరని చేసిన" అన్నదట. ఆదివారం పూజ తరువాత ఈ మాట నాకు చెప్పి, ఆ తల్లి చెప్పుల కోసం వెతుక్కుంటూ, "మేల్కొనే ఉన్న ఫాదర్. గాపిల్లకెట్ల తెలిసిందో" అన్నది.